మనసుకు తట్టింది నిజమేనా?



"నాకెందుకో అప్పుడే అనిపించింది!" ఈ మాట అనని ఆడది మనలో ఎవరైనా ఉన్నారా? ఫోను మోగకముందే పుట్టింటి అమ్మ గుర్తొస్తుంది. పాలు పొంగిపోతే ఎక్కడో ఏదో జరిగిందని గుండె దడదడలాడుతుంది. మా గుడుపల్లె వైపు మగవాళ్లూ, చదువుకునే పిల్లలూ తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోతుంటారు. రాత్రి బండి అరగంట లేటయిందంటే చాలు, ఇంట్లో ఉన్న తల్లికి ఎన్ని కనపడతాయో చెప్పలేము. బండి వస్తుంది, పిల్లోడు దిగుతాడు, అన్నం తింటాడు. మనకు కనపడినవన్నీ అంతటితో మరచిపోతాం. ఏదో ఒకరోజు నిజంగా కాలు బెణికి వచ్చాడనుకోండి, "నాకు ముందే తెలుసు" అని ఏడాది పొడుగునా చెప్పుకుంటాం.

ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం. కూర్చున్న చోటి నుంచే దూరంలో ఉన్నదాన్ని చూడగలమని చెప్పేవాళ్లు లోకమంతా ఉన్నారు. తమ మనసులో మెదిలింది నిజమో, ఉత్త ఊహో వాళ్లకెలా తెలుస్తుంది? ఆ తేడా పట్టుకోవడం నిజంగా వీలవుతుందా? ఇది సరదా కబురు కాదు. దీనివల్ల మనుషుల పరువులు పోయాయి, కాపురాలు చెడ్డాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అంజనం, సోది మనకు కొత్త కాదు

ఇంట్లో నగ పోతే, దూడ తప్పిపోతే అంజనం వేయించడం మన పెద్దల నాటి అలవాటు. దీపం మసిని ఆముదంలోనో నేతిలోనో రంగరించి తమలపాకు మీదో, బొటనవేలి గోటి మీదో పూస్తారు. చిన్నపిల్లనో, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లనో కూచోబెట్టి అందులోకి చూడమంటారు. మొదట ఆంజనేయస్వామి వస్తాడని, వాకిలి ఊడ్చి కుర్చీ వేస్తాడని, ఆ తరువాత దొంగ కనపడతాడని చెబుతారు. మాది మూడు భాషలు కలిసే చోటు కాబట్టి దీన్నే అరవంవాళ్లు 'మై' అంటారు, కన్నడంవాళ్లు మనలాగే అంజనమంటారు. పేరు ఏదయినా పని ఒకటే.

ఇక సోది సంగతి సరేసరి. బుట్ట, చేట, చేతిలో కర్రతో "సోది చెబుతానమ్మా" అంటూ ఎరుకలమ్మ వస్తే వీధి వీధంతా చుట్టూ చేరుతుంది. 'ఎరుక' అంటేనే తెలిసి ఉండడం. పద్మావతీ కల్యాణం కథలో నారాయణవనానికి ఎరుకలసాని వచ్చి ధరణీదేవికి సోది చెప్పిందని మనందరం విన్నదే. నీ బిడ్డకు జబ్బేమీ కాదు, శ్రీనివాసుడి మీద మనసు పడిందని ఆమె చెబుతుంది. అది అక్షరాలా నిజమైంది. అయితే ఆ ఎరుకలసాని ఎవరు? సాక్షాత్తు శ్రీనివాసుడే! పెళ్లికొడుకే వచ్చి పెళ్లి సంగతి చెబితే తప్పెలా అవుతుంది? స్వామి లీలను భక్తితోనే తలుచుకుందాం. అయినా ఆ కథలో మనకు పనికొచ్చే ప్రశ్న ఒకటి ఉంది. చెప్పేవాళ్లకు జవాబు ముందే తెలుసా, తెలియదా? ఎవరేమి చెప్పినా మొదట ఇది చూసుకోవాలి.

అమెరికాలో 23 ఏళ్ల ప్రయత్నం

ఇవన్నీ పల్లెటూరి నమ్మకాలని చదువుకున్నవాళ్లు నవ్వుతారు. కానీ అమెరికా ప్రభుత్వమే ఈ పని మీద రెండు కోట్ల డాలర్లు ఖర్చు పెట్టిందంటే నమ్ముతారా? 1972లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రసెల్ టార్గ్, హెరాల్డ్ పుథాఫ్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు దీన్ని మొదలుపెట్టారు. ఇంగో స్వాన్ అనే చిత్రకారుడు వాళ్లకు తోడయ్యాడు. దీనికి వాళ్లు పెట్టిన పేరు రిమోట్ వ్యూయింగ్. తెలుగులో దూరదర్శనం అనాలి గానీ, ఆ మాట అంటే మనకు టీవీ గుర్తొస్తుంది కదా! అందుకని 'దూరదృష్టి' అనుకుందాం.

ఒకరు ఏదో ఒక చోటికి వెళతారు. ఇంకొకరు మూసిన గదిలో కూర్చుని ఆ చోటు ఎలా ఉందో బొమ్మ గీసి, మాటల్లో చెబుతారు. ఆ తరువాత సంగతి తెలియని మూడో మనిషికి బొమ్మలూ, చోట్ల వివరాలూ ఇచ్చి, ఏది దేనికి సరిపోతుందో జతపరచమంటారు. ఇది తరువాత సైన్యం చేతికి, గూఢచారుల చేతికి వెళ్లింది. మేరీలాండ్‌లోని ఫోర్ట్ మీడ్‌లో ఇలా 'చూసే' మనుషులను ఉద్యోగులుగా పెట్టుకున్నారు. పేర్లు మారుతూ మారుతూ కడపటికి స్టార్‌గేట్ అయింది. 1995లో లెక్క తేల్చమని ఇద్దరు ప్రొఫెసర్లను అడిగారు. గణాంకాలు తెలిసిన జెస్సికా అట్స్, "ఇది ఉత్త అదృష్టంతో వచ్చే లెక్క కాదు, ఏదో ఉంది" అన్నారు. మనస్తత్వశాస్త్రం తెలిసిన రే హైమన్, "అలా ఒప్పుకోవడానికి ఈ ఆధారాలు చాలవు" అన్నారు. ఇద్దరూ చూసింది అవే కాగితాలు! అయితే ఆఖరి నివేదికలో ఒక మాట మాత్రం గట్టిగా ఉంది. ఇన్నేళ్లలో ఒక్క గూఢచారి పనికి కూడా దీన్ని నమ్ముకుని అడుగు వేయలేకపోయారు. దాంతో ఆ పథకం మూసేశారు.

ఎందుకు నమ్ముకోలేకపోయారు? చెప్పినదాంట్లో కొన్ని సరిపోయేవి, చాలా సరిపోయేవి కావు. ఏది సరిపోతుందో ముందుగా చెప్పేవాళ్లు లేరు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

'ఇది నిజం' అని వాళ్లకెలా తోస్తుంది?

ఆ పని చేసినవాళ్లు తమ అనుభవం మీద కొన్ని గుర్తులు చెబుతారు. వినడానికి బాగుంటాయి.

నిజమైన తలపు పిలవకుండా వస్తుందట. మెరుపులా వచ్చి పోతుందట. వస్తువు పేరుతో రాదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. చల్లగా ఉంది, గరుకుగా ఉంది, పొడుగ్గా ఉంది, నీళ్ల వాసన, ఇలాగన్నమాట. వెంటనే మన బుర్ర ఊరుకోకుండా "ఓహో, వాటర్ ట్యాంకు!" అని పేరు పెట్టేస్తుంది. అక్కడే బోల్తా పడతామంటారు వాళ్లు. దీన్ని నేను 'మనసు అల్లిక' అంటాను. నాలుగు పోగులు దొరికితే మిగతా చీరంతా మనసే నేసేస్తుంది. అందుకని స్వాన్ నేర్పిన పద్ధతిలో, పేరు తట్టగానే దాన్ని కాగితంలో ఒక పక్కన రాసి వదిలేయాలి. మళ్లీ చల్లదనం, గరుకుదనం దగ్గరికే రావాలి.

ఊహ అయితే ఎలా ఉంటుంది? బొమ్మ చాలా స్పష్టంగా, రంగులతో ఉంటుంది. నిన్న చూసినదానిలా ఉంటుంది. కారణాలు వెంటబెట్టుకుని వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, దాంట్లో మన భయమో, కోరికో కలిసి ఉంటుంది. రైలు లేటయిన రాత్రి తల్లికి కనపడేవి ఈ రకమే. చూసింది దూరాన్ని కాదు, మన గుండెనే.

ఈ గుర్తులు తెలిసుంటే చాలు కదా, నిజమేదో అబద్ధమేదో తేలిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ గుర్తులు సరైనవో కావో ఎవరు చూడాలి? 'నాకు గట్టిగా అనిపించింది' అనేది ఒక సంగతి. 'అది నిజమైంది' అనేది ఇంకో సంగతి. రెండూ ఒకటేనని మనసు మనల్ని నమ్మిస్తుంది.

విశాఖపట్నంలో మన తెలుగాయన

ఈ రెండింటినీ విడదీసి లెక్కపెట్టిన చోటు మన ఆంధ్రలోనే ఉందని మీకు తెలుసా? అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ అనే ఆయన 1930ల నుంచే ఇటువంటి పరీక్షలు పెట్టారు. 25 కార్డులు, వాటి మీద వలయం, కూడిక గుర్తు, అలలు, చదరం, నక్షత్రం, ఈ ఐదు బొమ్మలు. చూడకుండా చెప్పాలి. ఊరికే నోటికొచ్చింది చెప్పినా సగటున 5 సరిపోతాయి. అంతకంటే ఎక్కువ, మళ్లీ మళ్లీ వస్తేనే ఆలోచించాలి. ఆయన దగ్గర పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో మనస్తత్వశాస్త్రంతోపాటు ఈ అతీంద్రియ విషయాలను కూడా పరిశోధించే శాఖను పెట్టారు. తరువాత అదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 2011లో పద్మశ్రీ వచ్చింది, 2021లో కాలం చేశారు. ఇటువంటి శక్తి ఉందనే ఆయన నమ్మారు. నమ్మినా లెక్క వదలలేదు, అది మెచ్చుకోవాలి.

ఆయనతో కలిసి పరిశోధనలు చేసినవారిలో కాంతమణిగారని ఒక మహిళ ఉన్నారు. ఆమె అమెరికాలో కెల్లీ అనే ఆయనతో కలిసి 1974లో రాసిన వ్యాసం సరిగ్గా మన ప్రశ్న మీదే. కార్డులు చెప్పే ఒక యువకుడిని "నీకు ఏది గట్టిగా అనిపిస్తుందో అప్పుడే చెప్పు" అన్నారు. అంటే జవాబు తెలియకముందే గురి చెప్పించారు. అతను గట్టిగా అనిపించిందన్నవే ఎక్కువ సరిపోయాయని వాళ్లు రాశారు.

అబ్బ, తేలిపోయింది అనుకునేరు! అదే యువకుడు హార్వర్డ్‌లో ఇచ్చిన ప్రదర్శనను పెర్సీ డయాకోనిస్ అనే లెక్కల ప్రొఫెసర్ చూశారు. ఆయన కుర్రతనంలో గారడీ చేసి బతికిన మనిషి. పేకముక్కలతో ఎన్ని రకాలుగా కళ్లు కప్పవచ్చో ఆయనకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. అక్కడ జరిగింది చేతివాటమేనని 1978లో 'సైన్స్' పత్రికలో రాశారు. నిజంగా మనసుతో చూసినా, చేత్తో మాయచేసినా, చేసేవాడికి 'గట్టిగా' అనిపిస్తుంది కదా! కాబట్టి గురి ఒక్కటే చాలదు. దారులన్నీ మూసిన పరీక్షలో నిలబడాలి.

గుర్రం చెప్పిన లెక్కలు

సోది చెప్పేవాళ్లు, అంజనం చూసేవాళ్లు అందరూ మోసగాళ్లని నేననడం లేదు. చాలామంది తమకు కనపడిందని మనసారా నమ్ముతారు. అదెలా వీలవుతుందో చూడండి. 1900ల మొదట్లో జర్మనీ దేశంలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. "మూడూ నాలుగూ ఎంత?" అంటే ఏడుసార్లు కాలు తట్టేది. యజమాని మోసగాడు కాడు, డబ్బు కూడా తీసుకునేవాడు కాదు. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన కనిపెట్టింది ఏమంటే, అడిగేవాళ్లకు జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు! సరైన అంకె రాగానే అడిగినవాళ్ల తల, మొహం ఇసుమంత కదిలేవి. గుర్రం అది చూసి ఆపేది. ఆ కదలిక అడిగినవాళ్లకే తెలియదు.

గుర్రానికే అంత చూపుంటే మనిషికెంత ఉండాలి? "ఇంట్లో ఒక మగమనిషి గురించి దిగులు" అనగానే మన కళ్లు చెప్పేస్తాయి. "పడమటి దిక్కు" అనగానే మనకు ఎవరి మీద అనుమానమో వాళ్ల ఇంటి వైపు తల తిరుగుతుంది. ఇక చెప్పడానికి కష్టమేముంది?

రాగుల డ్రమ్ము

మా వైపు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. పేర్లు వద్దు. ఒక ఇంట్లో బంగారు కమ్మ ఒకటి పోయింది. ఇల్లంతా వెదికారు, దొరకలేదు. అంజనం వేయించారు. ఒక పిల్లోడిని కూచోబెడితే, "పడమటి పక్క... గాజులేసుకున్న చెయ్యి కనపడతావుంది" అన్నాడు. అంతే! ఆ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి ఇల్లు పడమటి వీధిలో ఉంది. ఎవరూ ఆమెను పిలిచి అడగలేదు, పోలీసుల దగ్గరికీ పోలేదు. ఊరికే "రేపటి నుంచి రావద్దులేమ్మా" అన్నారు. నాలుగు రోజుల్లో ఆ మాట నాలుగు వీధులకు పాకింది. మిగతా ఇళ్లలోనూ పని పోయింది. ఆమెకు పెళ్లి కావలసిన చెల్లెలు ఉంది.

మూడు నెలలకు, సంగటికి రాగులు మిల్లుకు పంపుదామని డ్రమ్ము ఒంచితే అడుగున కమ్మ దొరికింది. రాగులు తీసేటప్పుడు జారి పడినట్టుంది. ఇంతవరకూ మామూలే. ఆ తరువాతది వినండి. ఆ ఇంటివాళ్లు ఏమన్నారో తెలుసా? "చూశారా, అంజనం ఎంత నిజమో! డ్రమ్ము పడమటి గోడకే కదా ఉండేది. గాజుల చెయ్యి మన చెయ్యే!"

కమ్మ దొరక్క ముందు అదే మాటకు ఒక అర్థం, దొరికాక ఇంకో అర్థం. రెండుసార్లూ అంజనమే గెలిచింది. ఓడింది ఎవరు? ఆ పిల్ల. మళ్లీ పనికి పిలిచారు గానీ ఆమె రాలేదు. బెంగళూరులో ఏదో పని చూసుకుని పోయింది. కమ్మ దొరికిందన్న మాట మాత్రం నాలుగు వీధులకు పాకలేదు.

ఏ జవాబుకైనా సరిపోయే మాట అసలు మాటే కాదమ్మా. తప్పయ్యే వీలున్న మాట చెబితేనే, ఒప్పయిందని మెచ్చుకోవచ్చు. ఎరుకలమ్మ వాకిట్లోకి వస్తే చేటెడు బియ్యం పెట్టండి, ఆమె పాట వినండి. ఆమెదీ కష్టం చేసుకునే బతుకే. కానీ ఆ మాట పట్టుకుని ఇంకో ఆడదాన్ని దొంగను చేయకండి.

మరి మన వంటింటి మనసు?

"అయితే మా మనసు చెప్పేదంతా ఉత్తదేనా?" అని కోపం తెచ్చుకోకండి. సంగటి కెలికేటప్పుడు తెడ్డు బరువును బట్టే ఉడికిందో లేదో మీకు తెలుస్తుంది. తడిచేత్తో తాకితే అంటుకోకపోవడం ఆ తరువాతి మాట. పితికిపప్పు పులుసు ఘుమఘుమను బట్టే ఉప్పు తక్కువని చెప్పే అక్కలు ఉన్నారు. బిడ్డ ఏడుపు విని ఆకలో, కడుపునొప్పో చెప్పేస్తారు. ఇది దివ్యదృష్టికేమీ తీసిపోదు. కానీ ఇది ఎలా వచ్చింది? వేలసార్లు చేశాం. ప్రతిసారీ జవాబు అప్పుడే వచ్చింది. సంగటి పచ్చిగా ఉంటే ఆ పూటే ఇంట్లోవాళ్లు చెప్పేస్తారు. తప్పు తెలిసింది, మరుసటి రోజు దిద్దుకున్నాం. అలా దిద్దుకుంటూ పోగా పోగా మనసుకు చూపు వచ్చింది.

దూరంగా పోయిన మనిషి, కనపడని నగ, రాబోయే కీడు, వీటికి అలా వెంటనే జవాబు రాదు. వచ్చినా మనం లెక్క రాసుకోం. దిద్దుకోవడం లేని చోట మనసు ఎన్నేళ్లయినా నేర్చుకోదు. ధీమా మాత్రం పెరుగుతుంది.

ఇంట్లోనే చేసి చూడండి

నా మాట కూడా నమ్మకండి. మధ్యాహ్నం పని అయ్యాక ఈ పరీక్ష చేసుకోండి.

1. ఒకే కొలత చీటీలు నాలుగు తీసుకుని కంది, పెసర, మినుము, శనగ అని రాసి, ఒకేలా మడవండి.

2. వేరే గదిలో ఒకరు చీటీలు కలిపి, తనూ చూడకుండా ఒకటి తీసి డబ్బాలో వేయాలి. జవాబు తెలిసినవాళ్లు మీ ముందు ఉండకూడదు. హాన్స్ సంగతి గుర్తుంది కదా!

3. మీకు తోచింది నోటు పుస్తకంలో రాయండి. గట్టిగా అనిపిస్తే పక్కన చుక్క పెట్టండి. అనిపించకపోతే వద్దు. ఆ తరువాతే చీటీ విప్పాలి.

4. రోజుకు ఐదు చొప్పున నాలుగు రోజులు, మొత్తం 20 సార్లు. మధ్యలో ఆపకూడదు, బాగా రాలేదని కొట్టేయకూడదు.

అదృష్టంతోనే సగటున 5 సరిపోతాయి. 8 వచ్చాయని ఎగిరి గంతేయకండి. పదిమంది చేస్తే ఒకరికి ఊరికేనే 8 గానీ అంతకు మించి గానీ వస్తాయి. ఇక చుక్క పెట్టినవి విడిగా లెక్కపెట్టండి. చుక్కలున్నవాటిలో నాలుగింట ఒకటే సరిపోయిందంటే, మీ గురికీ నిజానికీ ఏ సంబంధమూ లేదన్నమాట. చుక్కలున్నవే ఎక్కువ సరిపోయాయంటే ఇంకో 20, ఇంకో 20 చేసి చూడండి. అప్పటికీ నిలిస్తే నాకు తప్పకుండా రాయండి!

ఇంట్లో వస్తువు పోతే...

ఆఖరున నాలుగు మాటలు. చీటీ మీద రాసి బీరువా తలుపు లోపల అంటించుకోండి.

♦ వస్తువు ఆఖరిసారి ఎప్పుడు, ఎక్కడ చూశారో ముందు కాగితం మీద రాయండి. అనుమానం తరువాత.

♦ బియ్యం, రాగులు, పిండి డబ్బాలు, దిండు గలీబులు, చీర మడతలు, బాత్‌రూమ్ తూము, చెత్తబుట్ట వరసగా వెదకండి. చేయి పెట్టే చోటే నగ జారుతుంది.

♦ నిజంగా దొంగతనమనిపిస్తే పోలీసులకు రాసి ఇవ్వండి. వాళ్లు అడిగేది సాక్ష్యం, దిక్కు కాదు.

♦ ఎవరైనా దిక్కు, రంగు, అక్షరం చెబితే, అవి మన వీధిలో ఎంతమందికి సరిపోతాయో లెక్కపెట్టండి. ఇరవైమందికి సరిపోతే అది ఎవరికీ సరిపోనట్టే.

మనసుకు తట్టిన మాటను పారేయమని నేను చెప్పను. కీడు తోచిందా, ఫోను చేసి క్షేమం కనుక్కోండి. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఆ తోచిన మాట ఇంకొకరి మీద నింద అయ్యేటట్టుంటే మాత్రం, నోటు పుస్తకంలోనే ఉంచి తేదీ వేసి మూసేయండి. నిజం దానంతటదే బయటికి వచ్చేదాకా ఆగితే మన సొమ్మేమీ పోదు.

మీ ఇళ్లలో నోటు పుస్తకం లెక్క ఎలా వచ్చిందో ఉత్తరం రాయండి. చుక్కలు పెట్టినవీ, తప్పినవీ రెండూ రాయాలి సుమా! వచ్చే వారం సంక్రాంతి అనపకాయల కబుర్లతో కలుద్దాం.